దీపావళికి ఇస్తానన్న బండి సంక్రాంతికి వచ్చింది: ఒక ఇంజిన్ పని కేసు

మెకానిక్ మీద ఫిర్యాదుతో వచ్చేవాళ్ళు సాధారణంగా రెండు సంగతులు చెబుతారు. చెప్పిన రోజుకు బండి ఇవ్వలేదన్నది ఒకటి, ఇచ్చాక సరిగా నడవలేదన్నది రెండోది. మొదటిదాన్ని పోనీలే అని వదిలేసి రెండోదాని మీద గొడవ పడతారు. ఈ కేసులో ఇంజిన్ విప్పి చూశాక తేలింది వేరు. పని చెడింది చేతకాక కాదు, ఆలస్యం వల్ల. మూడు నెలలు విప్పి పడేసిన ఇంజిన్‌ను ఒక్క రాత్రిలో మూసేస్తే ఏమవుతుందో అందులోని ఒక్కో భాగం చెప్పింది.

నేను ఒంగోలులో వాహన బీమా సర్వేయర్‌ని. ప్రమాదం జరిగిన బండ్లు చూసి నష్టం లెక్కగట్టడం నా వృత్తి. రిపేరు తగాదాలు నా పరిధిలోవి కావు. అయినా తెలిసినవాళ్ళ ద్వారా "ఒకసారి చూసి చెప్పండి సార్" అంటూ వస్తూనే ఉంటారు. వాటిలో చాలావరకు పావుగంట మాటలతో తేలిపోతాయి. ఇది అలా తేలలేదు.

బండి యజమాని చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్. ఇల్లు ఒంగోలులో. రోజూ కర్నూలు రోడ్డు మీద రానూపోనూ నలభై కిలోమీటర్ల పైమాటే. బండి 150 సీసీది, గాలికి చల్లబడే సింగిల్ సిలిండర్, కార్బురెటర్ మోడల్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు బండిది కాదు. ఎనభై వేల కిలోమీటర్లు దాటాక పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలిపొగ రావడం, వారం వారం ఆయిల్ తగ్గిపోవడం, ఎత్తు ఎక్కేటప్పుడు లాగకపోవడం మొదలైంది. ఇంటి దగ్గరి మెకానిక్ చూసి బోరు, అంటే సిలిండర్‌లో పిస్టన్ ఆడే రంధ్రం, అరిగిందని, పిస్టన్ మార్చాలని చెప్పాడు. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మొత్తం తొమ్మిది వేలు అనుకున్నారు, ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చాడు. కాగితం లేదు. దసరా వెళ్ళిన వెంటనే బండి అప్పగిస్తే "దీపావళికి బండి మీద తిరుగుతావు తమ్ముడూ" అన్నాడు మెకానిక్.

దీపావళి వెళ్ళిపోయింది. కార్తీకమాసం వెళ్ళిపోయింది. అడిగిన ప్రతిసారీ ఒక కొత్త కారణం. లేతు షాపులో కరెంటు లేదు, పిస్టన్ విజయవాడ నుంచి రావాలి, వచ్చిన పిస్టన్ సైజు వేరు, కుర్రవాడు ఊరికి పోయాడు. యజమాని ఇవన్నీ ఫోనులో చూపించి "ఒక్కటైనా నిజమా సార్?" అని అడిగాడు. నా అంచనా ఏమిటంటే దాదాపు అన్నీ నిజాలే. అరిగిన బోరును కొంచెం పెద్దదిగా కోసి పెద్ద సైజు పిస్టన్ వేయాలి. అలా బోరు కొట్టే యంత్రం చిన్న షెడ్డులో ఉండదు. సిలిండర్ విప్పి లేతు షాపుకు పంపాలి. అక్కడ నాలుగైదు సిలిండర్లు పోగయ్యాకగానీ యంత్రం మీదికి ఎక్కించరు. పెద్ద సైజు పిస్టన్ అన్ని దుకాణాల్లోనూ దొరకదు.

అబద్ధం అంతా ఆ మొదటి తేదీలోనే ఉంది. ఇంకో సంగతి మెకానిక్‌లు బయటికి చెప్పరు, మాకు తెలుసు. మనమిచ్చిన అడ్వాన్సుతో మన బండికి కాదు, అంతకుముందు వచ్చిన బండికి సామాను కొంటారు. మన పిస్టన్ కొనాలంటే తరువాతి బండి అడ్వాన్సు రావాలి. పనిలేని రోజుల్లో ఈ గొలుసు ఎక్కడో తెగుతుంది. తెగిన చోట ఉన్న బండి షెడ్డు మూలన పడుతుంది. అందుకే నన్ను ముందే అడిగితే రొక్కం ఇవ్వవద్దంటాను. సామాను చీటీ రాయించుకుని, దుకాణానికి మీరే వెళ్ళి కొని, బిల్లు మీ పేరున తీసుకుని షెడ్డులో ఇవ్వండి. కూలి మాత్రం పని అయ్యాకే ఇవ్వండి. దీనికి ఒప్పుకోని మెకానిక్‌లు తక్కువ, అడగడానికి మొహమాటపడే యజమానులే ఎక్కువ.

భోగి ముందురోజు సాయంత్రం ఫోను వచ్చింది. మర్నాడు పొద్దున బండి సిద్ధం. మిగతా నాలుగు వేలు ఇచ్చి యజమాని బండి తెచ్చుకున్నాడు. కనుమ అయి డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టిన వారంలోనే పొగ పాతలాగే ఉంది, పైగా ఇంజిన్ పైభాగమైన హెడ్డు దగ్గర ఇంతకుముందు లేని టకటక. మెకానిక్ సమాధానం మనందరం విన్నదే: "కొత్త రింగులు తమ్ముడూ, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటాయి."

ఇందులో సగం నిజముంది, అదే దీని బలం. పిస్టన్ చుట్టూ ఉండే కొత్త రింగులు బోరు గోడకు ఒరుసుకుని కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అంతవరకూ కొంచెం ఆయిల్ కాలవచ్చు. అయితే ఆ పొగ రోజురోజుకూ తగ్గాలి. తగ్గకపోయినా, పెరిగినా అది రింగులు కుదురుకోవడం కాదు. ఇక ట్యాపెట్ల చప్పుడు, అంటే హెడ్డులో వాల్వులను తెరిచే భాగాల టకటక, తిరిగేకొద్దీ సర్దుకోవడమనేది ఇలాంటి ఇంజిన్‌లో ఉండదు. తిరిగేకొద్దీ పెరుగుతుంది, అంతే.

నా దగ్గరికి వచ్చేసరికి యజమాని కోపంగా ఉన్నాడు. సాయంత్రమే ఇంకో షెడ్డులో ఇంజిన్ విప్పించి, ఆ ఫోటోలు తీసుకుని మొదటి మెకానిక్ మీదికి వెళ్ళాలని అతని ఉద్దేశం. వద్దన్నాను. ఇలాంటి కేసులు ఎక్కువగా పోయేది అక్కడే. రెండో మెకానిక్ చేయి పడ్డాక మొదటివాడు "నేను బాగానే బిగించాను, వాళ్ళే చెడగొట్టారు" అంటాడు. కాదని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. సేవాలోపం ఉందని చూపించాల్సిన బాధ్యత ఫిర్యాదుదారుడిదేనని 2021లో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో చెప్పింది. కాబట్టి బండి నడపడం ఆపి, మూసిన ఇంజిన్‌ను మూసినట్టే ఉంచి, ముందు ఒక ఉత్తరం రాయమన్నాను. బండి ఎప్పుడు ఇచ్చింది, ఎంత చెల్లించింది, ఇప్పుడున్న లోపాలు, ఫలానా రోజున ఫలానా షెడ్డులో ఇంజిన్ విప్పబోతున్నాం కాబట్టి దయచేసి మీరూ రండి అన్న మాట. తిట్లు లేవు, కోర్టు బెదిరింపు లేదు. స్పీడ్ పోస్టులో ఒక ప్రతి, వాట్సాప్‌లో ఒకటి.

యజమాని దగ్గర బిల్లు లేకపోయినా చేతిలో కొంత బలం ఉంది. రెండు చెల్లింపులూ ఫోను నుంచే చేశాడు. "రేపు", "ఎల్లుండి" అన్న మెకానిక్ గొంతు మెసేజీలు వరుసగా ఉన్నాయి. బండి అప్పగించిన రోజు పిల్లవాడు ఆడుకుంటూ తీసిన ఫోటోలో మీటరు రీడింగు పడింది. కిలోమీటర్లు ఎన్ని తిరిగిందన్న వాదన దాంతో రాకుండా పోయింది.

విప్పినప్పుడు

పట్టణంలో అందరూ గౌరవించే ఒక పెద్ద మెకానిక్ షెడ్డు ఎంచుకున్నాం. ఈయన దగ్గర బోరు లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజి ఉంది, చిన్న షెడ్లలో అది కనిపించడం అరుదు. మొదటి మెకానిక్ వస్తాడో రాడోనని యజమానికి అనుమానం. వచ్చాడు. చేతిలో గుడ్డ మూట. అందులో పాత పిస్టన్. "ఇదెంత అరిగిపోయిందో సార్ చూడాలి కదా" అన్నాడు. అతన్ని గురించి నా అభిప్రాయం అక్కడే కొంత మారింది. పాత సామాను పారేయకుండా దాచినవాడు మోసం చేసే ఉద్దేశంతో పనిచేయలేదు.

ఏదీ విప్పకముందు ఇంజిన్ స్టార్ట్ చేసి ట్యాపెట్ మూతలు తీశాం. ఈ రకం ఇంజిన్‌లో ఆయిల్ పంపు పంపిన ఆయిల్ సిలిండర్ స్టడ్లలో ఒకదాని చుట్టూ ఉన్న ఖాళీ గుండా పైకెక్కి, హెడ్డులో వాల్వులను ఆడించే క్యామ్‌నూ రాకర్ ఆర్ములనూ తడుపుతుంది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగానే అర నిమిషంలో ఆ తడి కనిపించాలి. ఇక్కడ రాకర్ల మీద మెరుపు తప్ప తడి లేదు. వెంటనే ఆపేయించాను. అప్పటిదాకా "ట్యాపెట్లు కొంచెం లూజుగా పెట్టాను, వేడెక్కితే సరిపోతుంది" అంటున్న మెకానిక్ మాట ఆగిపోయింది.

హెడ్డు తీశాక రాకర్ల కొనలు నీలి గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. క్యామ్ మీద గోరు పెట్టి లాగితే గీత తగులుతోంది. సిలిండర్ లేపాక అసలు కారణం బయటపడింది. కింద ఆయిల్ కారకుండా వేసే ప్యాకింగు లేదు. దాని బదులు బూడిద రంగు సీలింగ్ పేస్టు దండిగా పూశారు. నట్లు బిగించినప్పుడు అది బయటికీ లోపలికీ పొర్లింది. బయటికి పొర్లినదాన్ని గుడ్డతో తుడిచేశారు. లోపలికి పొర్లింది ఆయిల్ పైకెక్కే రంధ్రంలో చేరి, ఎండి, బిరడాలా బిగుసుకుంది. పట్టకారుతో లాగితే చిటికెన వేలి గోరంత ముక్క వచ్చింది.

ప్యాకింగు ఏమైందని అడిగాను. కిట్టులో వచ్చిందట. మూడు నెలల్లో ఎక్కడో పోయింది. భోగి ముందురోజు రాత్రి దుకాణాలు మూసేశాక చూసుకున్నాడు.

తరువాత రింగులు. రెండో రింగు పక్కన సన్నగా ఒక అక్షరం చెక్కి ఉంటుంది, ఆ వైపు పైకి రావాలి. అది తిరగబడితే గోడ మీది ఆయిల్‌ను కిందికి గీకాల్సిన రింగు పైకి తోస్తుంది. నీలిపొగకు అది చాలు. ఇక్కడ అక్షరం కిందికి ఉంది. పెద్ద మెకానిక్ ఆ రింగును వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, "ఇది పైకి రావాలని నీకు తెలియదా?" అన్నాడు.

"తెలుసు అన్నా. ఆ రాత్రి రెండు బండ్లు మూశాను."

ఈ ఒక్క జవాబుతో కేసు చాలావరకు తేలింది. మిగిలింది బోరు.

బోర్ గేజి పెట్టి పైన, నడుమ, కింద, అడ్డంగా, నిలువుగా కొలిచాం. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ ఈ తరహా ఇంజిన్లలో కొత్తగా బోరు కొట్టినప్పుడు 0.05 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. 0.10 దాటితే మళ్ళీ బోరు కొట్టాల్సిందే. ఇక్కడ ఒకచోట 0.13 వచ్చింది, ఇంకోచోట 0.09. అంటే ఖాళీ ఎక్కువ, పైగా గుండ్రంగా కూడా లేదు. యంత్రం మీద కొట్టిన బోరు అలా ఉండదు. సిలిండర్ లోపలి ఇనుప గొట్టమైన లైనరు కింది అంచు దగ్గర, చేయి అందని చోట, సన్నని తుప్పు గుంటలు కనిపించాయి. అంతకు పైన గోడంతా ఎమెరీ కాగితం గీతలు. గోడను రాళ్ళతో సానపట్టే హోనింగ్ చేస్తే వచ్చే అడ్డదిడ్డపు గళ్ళ జాడ లేదు.

జరిగిందేమిటో మెకానికే చెప్పాడు. లేతు షాపువాళ్ళు దీపావళి ముందే బోరు కొట్టి ఇచ్చారు, కాకపోతే పిస్టన్ చేతిలో లేకుండా, పెద్ద సైజు అంటే ఇంత అన్న లెక్కతో. పిస్టన్ రాలేదు. సిలిండర్ షెడ్డులో అరుగు మీద ఉండిపోయింది. మన జిల్లాలో దసరాకూ సంక్రాంతికీ మధ్య కాలం అంటే ఈశాన్య రుతుపవనాల కాలం. వానలు, వాయుగుండాలు, గాలిలో తేమ. కొత్తపట్నం దగ్గర సముద్రం ఇరవై కిలోమీటర్ల లోపే. అప్పుడే కోసిన పోత ఇనుము మీద ఆయిల్ పూయకపోతే ఈ వాతావరణంలో రెండు రోజులకే ఎర్రబడుతుంది. చేతినిండా ఇంజిన్ ఆయిల్ పూసి ప్లాస్టిక్ కవరులో చుట్టి పెడితే ఏమీ అయ్యేది కాదు, ఖర్చు రూపాయి. పిస్టన్ వచ్చేసరికి లోపల తుప్పు. మళ్ళీ లేతుకు పంపితే ఇంకో పది రోజులు. ఎమెరీ కాగితం వేలికి చుట్టి రుద్దేశాడు.

పక్క కవరు బోల్టుల సంగతీ ఇంతే. పొడవు బోల్టులు, పొట్టి బోల్టులు వాటి వాటి చోట్ల ఉండాలి. మూడు బండ్ల బోల్టులు ఒకే డబ్బాలో కలిసిపోయాయి. పొట్టిది పడిన చోట రెండు మరలే పట్టాయి, బిగించగానే అల్యూమినియం మర ఊడింది. అక్కడా పేస్టే. ఒక మాట మాత్రం చెప్పాలి: క్యామ్ చెయిన్ టైమింగు గుర్తులు సరిగ్గా ఉన్నాయి, క్లచ్ ప్లేట్లు చక్కగా కూర్చున్నాయి. అవి బండి వచ్చిన మొదటి వారంలో, తీరిగ్గా చేసిన పనులు.

పాత పిస్టన్ చెప్పిన సంగతి

మెకానిక్ తన రక్షణ కోసం తెచ్చిన పాత పిస్టన్ అతనికి కొంత మేలే చేసింది. దాని మీద పైనుంచి కిందికి సన్నని నిలువు గీతలు, దట్టంగా. పై రింగు కాగితంలా పల్చబడింది. వయసు వల్ల అరిగిన పిస్టన్ అలా ఉండదు. దుమ్ము తాగిన ఇంజిన్ పిస్టన్ అలా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిపించాను. ఫిల్టర్ అంచు రబ్బరు ఒకచోట చిరిగి, డబ్బా లోపలి గోడ మీద, కార్బురెటర్ వైపు కూడా బూడిద రంగు పొడి పేరుకుంది. బంగారు చుక్కల బ్లాక్ గెలాక్సీ రాయి చీమకుర్తికి ఎంత పేరు తెచ్చిందో నాకు తెలియనిది కాదు. కానీ ఆ రాతిపొడి ఇంజిన్లకు యముడు. క్వారీలకు, పాలిషింగ్ యూనిట్లకు రోజూ వెళ్ళే బండ్లలో ఫిల్టర్‌ను కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు కాకుండా అంతకు చాలా ముందే మార్చాలి.

అంటే మొదట బోరు అరగడానికి కారణం యజమాని అశ్రద్ధ. అది అతని ఖాతాలోనే రాశాను. అయితే ఎనభై వేల కిలోమీటర్ల ఇంజిన్ విప్పి, అలాంటి పిస్టన్ చూసి, ఫిల్టర్ డబ్బా తెరవకుండా కొత్త పిస్టన్ వేయడం మెకానిక్ తప్పు. ఎంత బాగా బిగించినా ఆ చిరుగుతో రెండేళ్ళకు మళ్ళీ ఇదే పని వచ్చేది. యజమానికి ఈ భాగం నచ్చలేదు. ఎదుటివాడి తప్పు రాయించుకోవడానికి వచ్చి తన తప్పు కూడా వినవలసి రావడం ఎవరికి ఇష్టం?

చూసినవన్నీ ఒక కాగితం మీద రాసి, కొలతలు వేసి, అక్కడున్న నలుగురం సంతకాలు పెట్టాం. మెకానిక్ కూడా పెట్టాడు. తీసిన భాగాలు సంచిలో వేసి కట్టి యజమానికి ఇచ్చాం.

లెక్క

ఇక ఎవరు ఎంత భరించాలన్నది. పేస్టు వల్ల పాడైన క్యామ్, రాకర్లు; మళ్ళీ బోరు, పిస్టన్, రింగులు, ప్యాకింగు కిట్టు; ఊడిన మరకు బుష్ వేయించడం; ఇవన్నీ మెకానిక్ ఖర్చు. ఎయిర్ ఫిల్టర్, కొత్త ఆయిల్ యజమానివి. పని పెద్ద మెకానిక్ షెడ్డులోనే జరగాలి. దానికి మొదటి మెకానిక్ ఒప్పుకోవడానికి కొంచెం సేపు పట్టింది. డబ్బు గురించి కాదు, పరువు గురించి. చివరికి తనే వచ్చి పక్కన కూర్చుని చేస్తానన్నాడు, పెద్దాయన సరేనన్నాడు. డబ్బు మూడు విడతల్లో.

ఎవరి లెక్కలోకీ రాని నష్టం ఇంకొకటి ఉంది. పెద్ద సైజు పిస్టన్లు అసలు సైజుకంటే 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్లు పెద్దవిగా నాలుగు మెట్లు. ఈ బండికి 0.50 వేశారు. పాడైన బోరు సరిచేయడానికి 0.75కు వెళ్ళాలి. ఒక మెట్టు ఉత్తపుణ్యానికి కరిగిపోయింది, మిగిలింది ఒక్కటి. ఆ తరువాత లైనరే మార్చాలి. దీనికి డబ్బు కట్టమంటే మెకానిక్‌కు అర్థం కాలేదు, కట్టలేదు. అయినా నా నివేదికలో రాశాను. కేసు ముందుకు వెళ్తే అది కావాలి.

ఆలస్యానికి పరిహారం దగ్గర మాట తెగలేదు. మూడు నెలలు బస్సులకూ షేర్ ఆటోలకూ అయిన ఖర్చు యజమాని రాసుకుని తెచ్చాడు. మెకానిక్ నీళ్ళు నమిలాడు. నేను బలవంతపెట్టలేదు, నాకు ఆ అధికారం లేదు. దారి ఏమిటో మాత్రం చెప్పాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మెకానిక్ షెడ్డు పని కూడా సేవే. ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపయితే రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా కొన్ని కేసులు కదులుతాయి. పోలీస్ స్టేషన్‌కు వెళ్తానంటే మాత్రం నేను ఎవరినీ ప్రోత్సహించను. అక్కడ మెకానిక్‌ను పిలిచి గద్దిస్తారు, అతను భయపడి బండిని ఇంకా తొందరగా, ఇంకా అధ్వానంగా మూసి ఇస్తాడు.

డబ్బు పూర్తిగా ఇచ్చేదాకా బండి ఆపుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఈ కేసులో ఆ సమస్య రాలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం చేసిన పనికి కూలి అందేవరకు వస్తువును అట్టిపెట్టుకునే హక్కు పనివాడికి ఉంది. కానీ అది ఒప్పుకున్న ప్రకారం చేసిన పనికే. సగం విప్పి పడేసిన బండికి అద్దె అడగడానికి కాదు.

నా వృత్తికి సంబంధించిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. బండి షెడ్డులో ఉండగానే డిసెంబరులో దాని బీమా గడువు తీరింది. బండి తిరగడం లేదు కదా అని యజమాని కట్టలేదు. భోగినాడు మెకానిక్ దాన్ని ట్రయల్ చూడడానికి కర్నూలు రోడ్డు మీద తిప్పాడు. ఆ రోజు ఎవరికైనా తగిలి ఉంటే పరిహారం యజమాని మీదికి వచ్చేది, కట్టడానికి కంపెనీ ఉండేది కాదు. షెడ్డులో ఉన్న బండికి కూడా బీమా నడుస్తూ ఉండాలి. గడువు దాటి 90 రోజులైతే క్లెయిమ్ లేని సంవత్సరాలకు వచ్చే రాయితీ కూడా పోతుంది.

పని ఈసారి పిస్టన్ చేతిలో పెట్టుకునే మొదలైంది. లేతు షాపులో పిస్టన్‌ను కొలిచి, దానికి తగ్గట్టు బోరు కొట్టి, హోనింగ్ చేసి అదే రోజు ఇచ్చారు. మొదటిసారి కొట్టిన షాపువాళ్ళు తమ వాటా ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పిస్టన్ లేకుండా సిలిండర్ పంపింది మెకానికేనన్నారు, అదీ నిజమే. స్టార్ట్ చేసి ట్యాపెట్ మూత తీసినప్పుడు ఆయిల్ పైకి వచ్చింది. ఖాళీ 0.04. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక పొగ పోయింది, ఆయిల్ మట్టం నిలబడింది.

మెకానిక్ రెండు విడతలు చెప్పిన రోజుకే కట్టాడు. మూడోది పదిహేను రోజులు ఆలస్యమైంది. ఆటో ఖర్చుల కోసం కమిషన్‌కు వెళ్ళాలా వద్దా అన్నది యజమాని ఇంకా తేల్చుకోలేదు. సంచి, సంతకాల కాగితం, గొంతు మెసేజీలు భద్రంగానే ఉన్నాయి, గడువు కూడా ఉంది.